గుంజినా బంద్ కాని బండి

ఆ మంగళవారం బాలనర్సయ్య ట్యాంకరు లారీ బహదూర్‌పల్లి కాలనీలో నీళ్లు పోసి, కొంపల్లి దగ్గర మేడ్చల్ రోడ్డెక్కి, దేవరయాంజాల్‌కు తిరిగి వచ్చింది. వచ్చేటప్పుడు ఎడమవైపు అద్దానికి ఒక మెరూన్ రంగు లంగా ఉంది. బొందు అద్దం కాడకు చుట్టుకుని బాగా బిగుసుకుంది కాబట్టి దారిలో ఎక్కడా జారిపోలేదు. ఎదురొచ్చిన లారీలవాళ్లు హారన్లు కొట్టారు. ఈ రోజు లోకం మంచి మర్యాద మీదుందనుకుని బాలనర్సయ్య కూడా అందరికీ చెయ్యెత్తి, తిరిగి హారన్ కొడుతూ వచ్చాడు. ఆ అద్దంలో అద్దం పగిలిపోయి చాలా కాలమైంది. ఉత్త చట్రమే మిగిలింది గనక అటువైపు చూసే అలవాటు ఆయనకు లేదు.

ఇంటి ముందు లారీ ఒక్క ఎగురు ఎగిరి ఆగింది. దుర్గమ్మ చేతులకు జొన్నపిండితోనే బయటికొచ్చి నిలబడింది.

"ఎవలదది?" అంది.

"ఏది?"

"నీ బండి కట్టుకున్నది."

బాలనర్సయ్య దిగి, ముందువైపు నుంచి తిరిగొచ్చి చూశాడు. తీరిగ్గా చూశాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో భార్య ఎదుట అంత నిజాయితీగా నోరు తెరిచి నిలబడ్డ సందర్భం ఆయనకు మరొకటి లేదు.

"కామేశ్వరమ్మ గారిదై ఉంటది," అన్నాడు చివరికి. "బండి ఎగిరినప్పుడు వాళ్ల దండెం తాకినట్టున్నది."

"ఆమెకు అరవై ఏండ్లుంటయంటివి గద."

"ఉంటయి. మనుమరాలు గూడ ఉన్నది."

"ఐతె బతికినవ్ తియ్," అని దుర్గమ్మ బొందు ముడి విప్పింది. లంగాకు అంటిన గ్రీజు మరక చూసి నాలుక చప్పరించింది. "ఉతికి ఇస్త, గిట్లనే తీస్కపోయి ఇయ్యకు. మన ఇజ్జత్ పోతది."

ఉతికిన లంగాను ఇస్త్రీ చేయించి, మడతపెట్టి, పాత పేపర్లో చుట్టి, మర్నాడు బాలనర్సయ్య కాలనీలో అప్పగించాడు. కామేశ్వరమ్మ కాలనీ సంఘానికి నీళ్ల సంగతులు చూసే పెద్దమనిషి. ఏ వీధి సంపులో నీళ్లెంత ఉన్నాయో ఆవిడకు తెలుసు. ట్యాంకరు రావాలన్నా ఆవిడే, వద్దన్నా ఆవిడే. పొట్లం విప్పి చూసి, నవ్వాపుకుని, "ఇస్త్రీ కూడా చేయించారే!" అంది. బాలనర్సయ్య తల వంచుకుని లారీ ఎక్కాడు.

అసలు ఆ ఎగురుడే ఆయనకు పెద్ద అవమానం. పరాయి ఆడమనిషి లంగా కన్నా ఎక్కువ అవమానం.

ఎందుకంటే, బాలనర్సయ్య ఒకప్పుడు ద్రాక్షపండ్లు మోసిన డ్రైవరు. పదిహేనేళ్ల వయసు నిండకముందే క్లీనరుగా లారీ ఎక్కాడు. తొంభై ఒకటిలో మూడు చేతులు మారిన ఈ లారీని సొంతం చేసుకున్నాడు. శామీర్‌పేట, తుర్కపల్లి దిక్కు అప్పుడు ఎటు చూసినా ద్రాక్ష పందిళ్లే. గుత్తులు కోసి, బుట్టల్లో వేపాకు పరిచి నింపి, తెల్లారకముందే పట్నం మార్కెట్‌కు తోలాలి. దారినిండా గుంతలు. ఒక్క కుదుపుకు అడుగు బుట్ట రసమవుతుంది. బాలనర్సయ్య తోలితే మాత్రం గుత్తికున్న పండు గుత్తికే ఉండేది. గుంత దగ్గర లారీని ఆయన దింపే తీరు చూసి, "బాలింతను మంచం మీద పండవెట్టినట్టు దించుతడు," అనేవాళ్లు రైతులు. పక్క లారీ ఖాళీగా ఉన్నా ఈయన కోసం కాచుకునేవాళ్లు.

తర్వాత పందిళ్లు పోయాయి. పందిళ్ల రాతి కడీలు పీకి, కొన్నిచోట్ల ఆ రాళ్లనే ప్లాట్లకు హద్దురాళ్లుగా పాతారు. ద్రాక్ష లేని లారీకి వెనుక ఇనుప ట్యాంకు బిగించి, బాలనర్సయ్య నీళ్లు మోయడం మొదలుపెట్టాడు. పండ్లు తోలిన చెయ్యి గనక నీళ్లను కూడా ఒలకకుండానే తోలేవాడు. అలాంటి మనిషి లారీ, రెండువేల రెండు దసరా దాటిన దగ్గర్నుంచి, ఆగే ప్రతిచోటా కప్పలా ఎగురుతోంది.

ఆ కాలపు డీజిల్ లారీ ఇంజన్ తాళంచెవి తిప్పితే ఆగదు. స్టీరింగు పక్కన ఒక గుండీ ఉంటుంది. దాన్ని బయటికి గుంజితే, లోపల ఒక తీగ డీజిల్ పంపు మీదున్న చిన్న మీటను లాగుతుంది. ఆ మీట చివరిదాకా పోతే డీజిల్ బంద్, ఇంజన్ బంద్. ఉన్న సంగతంతా అంతే. కానీ ఇప్పుడు గుండీ గుంజితే చప్పుడు తగ్గుతోంది తప్ప ఇంజన్ చావడం లేదు. డుగ్... డుగ్... అని దగ్గు తగ్గని ముసలివాడిలా ఊపిరి పట్టుకుని ఉంటోంది. అటువంటప్పుడు డ్రైవర్లందరూ చేసే మొరటు పని ఒకటుంది. బ్రేకు తొక్కిపట్టి, పెద్ద గేరు వేసి, క్లచ్ వదిలేయడం. ఇంజన్ పీక పట్టుకున్నట్టు చస్తుంది. చచ్చేముందు మాత్రం లారీని ఒక్క తోపు ముందుకు తోస్తుంది. లంగా తగులుకున్నది అలాగే.

మేడ్చల్‌లో రోడ్డు పక్క షెడ్డు పెట్టుకున్న కుర్మయ్య మిస్త్రీ దుర్గమ్మ తమ్ముడే. ఆ బుధవారం సాయంత్రం బాలనర్సయ్య లారీ తెచ్చి నిలపగానే, బావమరిది అన్నవాడు ఎలా పలకరించాలో అలాగే పలకరించాడు.

"ఏం బావా, ఈ వయసుల ఆడోళ్ల బట్టలు మోసుడు మొదలువెట్టినవంట. మా అక్క సెప్పింది."

"నీ అక్క నోరు మంచిది, నీ నోరు మంచిది. బండి సూడు ముందుగాల."

కుర్మయ్య గుండీ గుంజి చూశాడు, బానెట్ ఎత్తి చూశాడు, మీట మీద వేలు పెట్టి కదిపాడు. "తీగ సాగింది. మనిషికి ఏండ్లొస్తె మోకాళ్లు సాగినట్టు దీనికి తీగ సాగింది," అని తేల్చి, పాతది పీకి కొత్తది వేశాడు. వేసేటప్పుడు పంపు చుట్టూ మడ్డి తుడిచాడు. మీట వెనకాల నల్లగా ఉబ్బెత్తుగా ఉన్న ఒక ముద్ద చుట్టూ గుడ్డను జాగ్రత్తగా తిప్పాడు.

ఇంజన్ లేపి గుండీ గుంజారు. డుగ్... డుగ్... డుగ్.

"ఇది తీగ గాదు బావా," అన్నాడు కుర్మయ్య, అప్పుడే కనిపెట్టినట్టు. "రెండు దినాలు నడువనియ్యి. తీగ కుదురుకుంటదేమో."

అలా నడవనిచ్చిన దినాల్లోనే గురువారం వచ్చింది.

ఆ రోజు కాలనీ మొదటి వీధి సంపులో సగం ట్యాంకు పోసి, మిగతా సగం కామేశ్వరమ్మ వీధికి తెచ్చాడు. సగం ట్యాంకు నీళ్లు నిండు ట్యాంకు కన్నా చెడ్డవి. లోపల అటూ ఇటూ ఊగి, లారీ ఆగిన తర్వాత కూడా వెనుకనుంచి ఒక తోపు తోస్తాయి. బాలనర్సయ్య ముందూ వెనుకా చూశాడు. వీధిలో ఎవరూ లేరు. గేరు వేసి క్లచ్ వదిలాడు. సరిగ్గా అప్పుడే గేటు సందులోంచి, పక్కన బుడ్డ చక్రాలున్న చిన్న సైకిలు మీద, కామేశ్వరమ్మ మనవరాలు శ్రీజ లారీ ముందుకొచ్చింది.

లారీ ఎగిరింది. వెనుకనుంచి నీళ్లు తోశాయి. బాలనర్సయ్య బ్రేకు మీద నిలబడ్డాడు.

బంపరు సైకిలు బుట్టను తాకి, అక్కడే ఆగింది. ప్లాస్టిక్ బుట్ట ఒక వైపు సొట్టపోయింది. పాప పడలేదు, ఏడవలేదు. తలెత్తి లారీ ముందు అద్దంలోంచి ఆయన్ను చూసి, "తాతా, ఇంకోసారి ఎగిరించవా?" అంది.

బాలనర్సయ్య దిగలేకపోయాడు. వరండాలోంచి కామేశ్వరమ్మ పరుగెత్తుకొచ్చి పాపను చంకనేసుకుంది. ఆవిడ కేకలేస్తే బాగుండేది. వేయలేదు. చాలా మెల్లగా మాట్లాడింది.

"నర్సయ్యగారూ, ఆ రోజు లంగా సంగతికి నేను నవ్వేశాను. ఇది నవ్వేది కాదండీ."

"కాదమ్మా."

"బండి బాగయ్యేదాకా మా వీధుల్లోకి తీసుకురాకండి. ఆదివారం దాకా మేమెలాగో సర్దుకుంటాం. అప్పటికీ ఇలాగే ఉంటే వేరే ట్యాంకరు మాట్లాడుకుంటాం. మీ మీద కోపంతో కాదు."

"మీరు తెమ్మన్న నేను తేనమ్మా," అన్నాడు బాలనర్సయ్య. అది మాత్రం మనస్ఫూర్తిగా అన్నాడు.

ఆ మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని ముద్ద కలిపి, కలిపిన ముద్దను మళ్లీ విడదీసి, అన్నంలో వేళ్లతో గీతలు గీస్తుంటే దుర్గమ్మ అడిగింది. ఆయన చెప్పాడు. పాప అన్న మాట కూడా చెప్పాడు. దుర్గమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. తర్వాత వాకిట్లో ఉన్న లారీ బానెట్ వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది.

"ఊకెనే ఆగలేదు బండి," అంది. "ఆపే శక్తి ఉన్నది గనుకనే ఆగింది. ఆ పిల్ల పాణం దక్కింది."

దేవుణ్ణి అంటోంది కాబోలనుకున్నాడు బాలనర్సయ్య. దుర్గమ్మకు మొక్కులెక్కువ. కిందటేడు దసరాకు లారీ పూజ చేసి, స్టీరింగుకు పసుపు దారంతో పసుపు కొమ్ము కట్టింది. ఆ ఇంట్లో పెళ్లికి రోలుకూ రోకలికీ కట్టినట్టు, దసరాకు పనిముట్టుకు కట్టడం ఆనవాయితీ. మలుపు తిప్పినప్పుడల్లా కొమ్ము అరచేతిలో గుచ్చుకుంటోందని బాలనర్సయ్య మూడోనాడే బ్లేడుతో కోసేశాడు. ఆ నెలలోనే తుర్కపల్లి దగ్గర ముందు టైరు పగిలి, లారీ రోడ్డు దిగి జొన్నచేనులో ఆగింది. నుదుటి మీద బొప్పితో ఇంటికొచ్చిన మొగుణ్ణి చూసి దుర్గమ్మ ఒక్క మాటా అనలేదు. కోసిన దారం గురించి కూడా అనలేదు. ఆ అనకపోవడమే ఏడాదంతా ఆయనకు గుచ్చుకుంటూ ఉంది. ఈ ఏడు దసరాకు ఆమె కుంకుమ పెట్టింది, కొబ్బరికాయ కొట్టింది, స్టీరింగుకు మాత్రం ఏమీ కట్టలేదు. మరిచిపోయిందిలే అని బాలనర్సయ్య అరచేతులు రుద్దుకుని సంతోషించాడు.

శుక్రవారం ఊళ్లో ఎవరో ఒక్క ట్యాంకు అడిగారు, బోరు దగ్గర నీళ్లు నింపుకోవాలి. ఆ పక్క కూడా పిల్లలు తిరుగుతారు. గేరులో చంపనని ఒట్టు పెట్టుకున్నాడు గనక, ఇంజన్‌కు గాలి అందకుండా చేస్తే చస్తుందని కుర్మయ్య చెప్పిన ఉపాయం పట్టుకున్నాడు. గాలి గొట్టం ఊడదీసి, ఆ మూతికి అడ్డంగా ఏదైనా చదునైన చెక్క అదిమిపెట్టాలి. ఇంట్లో చదునైన చెక్క ఒక్కటే ఉంది.

మధ్యాహ్నం దుర్గమ్మ రొట్టెల పీట కోసం ఇల్లంతా వెతికింది. సాయంత్రానికి పీట దాని చోటికి చేరింది గానీ, రాత్రి రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్న దుర్గమ్మ నమలడం ఆపేసింది.

"ఏందయ్యా, రొట్టె డీజిల్ వాసనొస్తాంది?"

"నాకేం రాలే," అని బాలనర్సయ్య రొట్టె మొత్తం తినేశాడు. మొగుడు మారు మాట్లాడకుండా తిన్న రోజున ఏదో తప్పు చేసి ఉంటాడని తెలిసినా, ఆ ముఖం చూసి దుర్గమ్మ రెట్టించలేదు. మనిషి ముఖం అప్పటికే సగమైంది.

ఆదివారం దగ్గరపడుతోంది. కాలనీ పోతే లారీకి వేరే తిండి లేదు. తుర్కపల్లి దగ్గర కొత్తగా వచ్చిన మందుల ల్యాబుల్లో కంపెనీ క్యాబులకు డ్రైవర్లను తీసుకుంటున్నారు గానీ, యాభై దగ్గరపడిన వాళ్లను చూసి, "పెద్దాయనా, గేటు కాడ వాచ్‌మన్ పని ఐతే సెప్త," అంటున్నారు. మేడ్చల్‌లో పాత ఇనుము కొనే మనిషొకడు ఈ మధ్య టీ కొట్టు దగ్గర లారీ నిలిపినప్పుడల్లా వచ్చి, అడగకుండానే చాసిస్ మీద వేలితో తట్టి, చప్పుడు విని పోతున్నాడు. బేరం లేదు, మాట లేదు. ఊరికే తట్టి పోతాడు. తన పక్కటెముక మీద తట్టినట్టుండేది బాలనర్సయ్యకు.

శనివారం పొద్దున్నే లారీని మళ్లీ కుర్మయ్య షెడ్డుకు తెచ్చాడు. ఈసారి బావమరిది కూడా ఎగతాళి చేయలేదు. పాప సంగతి విని ఉన్నాడు.

"రెండే రెండు సంగతులు బావా," అన్నాడు కుర్మయ్య పానా చేతిలో పట్టుకుని. "మనం డీజిల్ బంద్ వెట్టినా ఇంజన్ తన నూనె తనే తాగి నడుస్తుండాలె. లేదంటె డీజిల్ బంద్ అయితలేకపోవాలె. ఏదో తేల్సుకుందాం."

ఇంజన్ నడుస్తుండగా బాలనర్సయ్య గుండీ పూర్తిగా గుంజి పట్టుకున్నాడు. కుర్మయ్య పంపు నుంచి పోయే సన్న పైపుల నట్లు ఒక్కొక్కటే కొద్దిగా వదులు చేశాడు. వదులు చేసిన ప్రతిచోటా డీజిల్ చివ్వు చివ్వున చిమ్మింది. చిమ్మిన చోటల్లా ఇంజన్ ఒక గొంతు తగ్గించుకుంది.

"సూసినవా? నూనె గాదు. డీజిలే వస్తాంది. నువ్వు గుంజినా పంపు వినుడు లేదు."

"మరి?"

కుర్మయ్య గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "పంపు దింపాలె. పట్నం పంపాలె. గిది పాత పంపు బావా, లోపలి సామాను దొరుకుతదో లేదో. ఇప్పినంక మల్ల మూసేటట్టు ఉంటదని నేను సెప్పలేను."

అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. రోడ్డుకు అవతల టీ కొట్టు దగ్గర పాత ఇనుము మనిషి గ్లాసు పట్టుకుని ఇటే చూస్తున్నాడు.

"ఇప్పేముందు కడుగుదాం," అన్నాడు బాలనర్సయ్య.

"ఇప్పేదాన్ని కడుగుడెందుకు?"

"ఆస్పత్రికి పంపేటోళ్లకు తానం పొయ్యమా?"

ఒక డబ్బాలో డీజిల్ పోసుకుని, పాత బ్రష్షు తీసుకుని బానెట్ కింద వంగాడు. కడిగితే బాగవుతుందని కాదు, ఆ పని ఒక గడియ వాయిదా పడుతుందని. పైపులు కడిగాడు, నట్లు కడిగాడు, పంపు ఒళ్లంతా కడిగాడు. పదకొండేళ్లుగా తన మాట విన్న పంపు. మీట దగ్గరికొచ్చేసరికి బ్రష్షు ఆ నల్ల ముద్దకు తగిలింది.

"అది ముట్టకు," అన్నాడు కుర్మయ్య వెనుకనుంచి. "కంపెనీ రబ్బరది. మీట ఎక్కువ పోకుండ అడ్డం వెడ్తరు. మొన్న తీగ ఏసినప్పుడే తుడిసిన నేను."

బాలనర్సయ్య బ్రష్షు ఆపాడు. వంగి, కళ్లు చికిలించి చూశాడు.

"కుర్మయ్యా, కంపెనీవాళ్లు రబ్బరుకు దారమెందుకు కట్టిర్రు రా?"

మడ్డి కింద దారం కనిపిస్తోంది. ఒకప్పుడు పసుపు రంగు దారం. ముద్దను గోటితో గీకితే నల్లటి తొక్క లేచి, లోపల పచ్చగా వచ్చింది. డీజిల్ కంపులోంచి ఆ వాసన కూడా వచ్చింది, వంటింటి వాసన.

పసుపు కొమ్ము. మీట వెనకాల, ఎవరూ చూడని చోట, ఎవరూ బ్లేడుతో కోయని చోట, మూడు ముళ్లు వేసి కట్టిన కొమ్ము. మీట వెనక్కి వచ్చినప్పుడల్లా చివర్లో ఒక గింజంత మేర దానికి తట్టుకుని ఆగిపోతోంది. ఆ గింజంత సందులోంచి వచ్చే డీజిల్‌తోనే ఇంజన్ బతికి ఉంటోంది.

బాలనర్సయ్య దాన్ని కోయలేదు. కిందటేడు కోసిన చెయ్యి అది. డీజిల్‌తో తడిపి తడిపి, గోళ్లతో ముడి విప్పాడు. తర్వాత క్యాబిన్‌లోకెక్కి, ఇంజన్ లేపి, గుండీ గుంజాడు.

దీపం ఊదినట్టు ఆగింది.

కుర్మయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "మా అక్క ఇంజన్‌కే కంకణం కట్టింది బావా! నేను కంపెనీ రబ్బరని మా గిరాకీలకు గూడ సూపెట్టిన! నా ముఖం ఏడ వెట్టుకోవాలె!"

బాలనర్సయ్య నవ్వలేదు. అరచేతిలో కొమ్మును తిప్పి చూస్తున్నాడు. దాని నడుం మీద మీట అంచు నొక్కి నొక్కి, అడ్డంగా లోతైన గాటు పడింది. గురువారం మధ్యాహ్నం దుర్గమ్మ బానెట్ వైపు తిరిగి చేతులు జోడించడం ఆయనకు గుర్తొచ్చింది. ఆపే శక్తి ఉంది గనకనే ఆగిందంది. ఈ కొమ్ము గురించే అన్నది. తను కట్టిన కొమ్ము ఆ పిల్లను కాపాడిందని నమ్ముకుని ఉంది ఆమె.

కుర్మయ్య నవ్వు కూడా ఆ ముఖం చూసి ఆగిపోయింది.

"అక్కకు సెప్తవా?"

"ఏమని సెప్పాలె రా? నన్ను కాపాడ్తందుకు కట్టిన కొమ్ము ఆ పిల్ల మీదికి బండిని తోలిందని సెప్పాల్నా? అది తట్టుకుంటదా?"

"మరి వచ్చే దసరాకు మల్ల కడ్తది గదా."

"కడ్తది," అన్నాడు బాలనర్సయ్య. చెబితే ఒక బాధ, చెప్పకపోతే ఇంకో భయం. "నీ నోరు మూస్కో. తీగ మార్సినమని సెప్పు, గంతే," అన్నాడు.

"నా నోరు సంగతి నీకెరుకనే గద బావా."

"ఎరుకనే. అందుకే సెప్తున్న."

కొమ్మును ఎక్కడ పడేయాలో తెలియలేదు. పూజలో పెట్టినది. మోరీలో వేయలేడు, రోడ్డు మీద పారేయలేడు. చొక్కా జేబులో వేసుకున్నాడు.

సాయంత్రం ఇంటి ముందు లారీ మెల్లగా వచ్చి నిలిచింది. ఎగురు లేదు. గుండీ గుంజగానే చప్పుడు తెగిపోయింది. దుర్గమ్మ పరుగెత్తుకొచ్చింది. ముఖమంతా వెలుగు.

"బాగైందా? ఏమై ఉండె?"

"తీగనే. కొత్తది మల్ల ఏసిండు నీ తమ్ముడు."

దుర్గమ్మ బానెట్ వైపు తిరిగి మళ్లీ చేతులు జోడించింది. బాలనర్సయ్య ఆ చేతులను చూడలేక, తానం పోసుకుంటానని గబగబా పెరట్లోకి పోయాడు. విడిచిన చొక్కా దండెం మీద వేశాడు.

ఆదివారం పొద్దున కాలనీ సంపులు నిండాయి. కామేశ్వరమ్మ గేటు దగ్గరే నిలబడి, లారీ ఎలా ఆగుతుందో తన కళ్లతో చూసుకుని, "హమ్మయ్య," అంది. శ్రీజ ఆవిడ కొంగు పట్టుకుని నిలబడింది. "తాతా, ఈ రోజు ఎగరలేదేం?" అని చాలా నిరాశగా అడిగింది. బాలనర్సయ్య ఆ పిల్ల తల మీద చెయ్యి వేశాడు.

ఇంటికి తిరిగొచ్చి గుండీ గుంజి దిగేసరికి, దుర్గమ్మ ఎదురు రాలేదు. ఆమె పెరట్లో బట్టలు ఉతికే బండ దగ్గర నుంచి నడిచి వస్తోంది. చేతులకు సబ్బు నురగ అలాగే ఉంది. ఆయన వైపు చూడకుండా నేరుగా లారీ ముందుకు పోయి, బంపరెక్కి, బానెట్ ఎత్తింది. ఆ ఎక్కిన తీరు చూస్తే మొదటిసారి ఎక్కుతున్న మనిషిలా లేదు.

పిడికిలి విప్పింది. నల్లటి కొమ్ము. జేబు చూడకుండా చొక్కా నానబెట్టదని బాలనర్సయ్యకు తెలుసు. తెలిసీ మరిచిపోయాడు.

దుర్గమ్మ కొమ్మును మీట వెనక తాను కట్టిన చోటనే పెట్టి చూసింది. గాటు మీట అంచుకు సరిగ్గా కూర్చుంది. పదకొండేళ్లు లారీ పక్కన బతికిన ఆడమనిషికి ఇంకొకరు విడమరిచి చెప్పాల్సిన పని లేదు. కొమ్ము తీసింది. మళ్లీ పెట్టింది. మళ్లీ తీసింది.

"పాప..." అని మాత్రం అంది.

బంపరు దిగి లోపలికి పోయింది. బాలనర్సయ్య వాకిట్లోనే నిలబడ్డాడు. కాసేపటికి ఆమె కొత్త కొమ్ము, కొత్త దారం పట్టుకుని వచ్చింది. స్టీరింగు దగ్గరికి పోయి, చెయ్యి పెట్టి, వెనక్కి తీసుకుంది. అద్దం చట్రం దగ్గర ఆగింది, వద్దనుకుంది. బానెట్ చుట్టూ తిరిగింది. ముందు జాలీ దగ్గర దారం సగం చుట్టి, మళ్లీ విప్పింది. కడితే ఏమవుతుందోనని భయం, కట్టకపోతే ఏమవుతుందోనని భయం. కొమ్ము చేతపట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక, లారీ చుట్టూ తిరుగుతూనే ఉంది.

రెండో చుట్టు తిరిగి వచ్చేసరికి బాలనర్సయ్య అడ్డంగా నిలబడి కుడిచెయ్యి చాపాడు. గుండీ గుంజే చెయ్యి.

"ఈడ కట్టు," అన్నాడు.

దుర్గమ్మ ఆ మణికట్టు వైపు చూసింది. కట్టింది. మూడు ముళ్లు వేసింది. మూడో ముడి వేస్తున్నప్పుడు కన్నీళ్లు ఆ చేతి మీదే పడ్డాయి. ముడి మీద నుంచి వేళ్లు తీయకుండా అలాగే పట్టుకుని నిలబడింది.

"గింత జరిగితె నాకొక్క మాట సెప్పవా? నేనేమన్న పరాయిదాన్నా? నిన్నటి సంది కడుపుల వెట్టుకోని తిరుగుతవా?" అంది.

బాలనర్సయ్య కొమ్ము కట్టిన చేత్తోనే ఆమె ముఖం తుడిచాడు.

"ఇంజనంటె తీగ గుంజి బంద్ జేస్తనే, నువ్వు ఏడ్సుడు మొదలువెడితె నేను ఏ తీగ గుంజాలె?"